పాలకొల్లు మాండొలిన్, బొంబాయి శనివారం రాత్రి: మళ్లీ కలిసిన 'శక్తి' లైవ్ ఆల్బమ్ సంగతి

ఇవాళ సినిమా పాట కాదు, రీల్స్‌లో తిరిగే బీట్ కూడా కాదు. ఒక లైవ్ ఆల్బమ్ గురించి మాట్లాడుకుందాం. పేరు 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే'. బ్యాండ్ పేరు 'రిమెంబర్ శక్తి'. 2001లో వచ్చింది. ఇది చూస్తున్నవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు, లేదా ఉయ్యాల్లో ఉండి ఉంటారు. మరి ఇప్పుడెందుకు అంటారా? ఆ స్టేజి మీద ఇంగ్లాండు గిటారిస్టు పక్కన కూర్చుని మాండొలిన్ వాయించింది మన పాలకొల్లు మనిషి, ఉప్పలపు శ్రీనివాస్.

'మన' అనేశాను గానీ, మాది పర్చూరు వైపు. మాది పత్తి, మిరప. వాళ్లది వరి, కొబ్బరి. గోదావరి వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలీదు, ప్రస్తుతానికి సర్దుకుపోదాం. మన వైపు వాటా కూడా ఈ కథలో ఉంది, వస్తా ఆగండి.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1960ల చివర్లో ఇంగ్లాండులో కొన్ని రాక్ బ్యాండ్లకి మూడు నిమిషాల పాట చాలలేదు. యెస్, కింగ్ క్రిమ్సన్, జెనెసిస్ లాంటివాళ్లన్నమాట. ఒక్కో పాటని పదిహేను, ఇరవై నిమిషాలు సాగదీశారు. మామూలు రాక్ పాటలో లెక్క నాలుగు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఒకటి. వీళ్లు ఐదు, ఏడు, పదకొండు అని కొట్టడం మొదలుపెట్టారు. దానికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. అక్కడివాళ్లకి అది పెద్ద వింత. మనకి మాత్రం ఏడు లెక్క మిశ్ర చాపు, ఐదు లెక్క ఖండ చాపు. మ్యూజిక్ టీచరు దగ్గర నాలుగు నెలలు కూర్చున్న పిల్ల కూడా చేత్తో వేసి చూపిస్తుంది.

ఇదే టైములో జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారిస్టు ఉన్నాడు. 1942లో యార్క్‌షైర్‌లో పుట్టాడు. అమెరికా వెళ్లి మైల్స్ డేవిస్ రికార్డుల్లో వాయించి, 1971లో 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' అని సొంత బ్యాండ్ పెట్టాడు. జాజ్, రాక్ కలిపి చెవులు అదిరిపోయేలా ఎలక్ట్రిక్ గిటార్. అంత పేరు వచ్చాక అదంతా పక్కన పెట్టి, కరెంటు తీగ పీకేసి, మామూలు గిటార్ పట్టుకుని కింద కూర్చున్నాడు. పక్కన వయొలిన్‌తో ఎల్. శంకర్, తబలాతో జాకిర్ హుస్సేన్, ఘటంతో విక్కు వినాయకరామ్. మొదట్లో మృదంగం ఆర్. రాఘవన్. అదే 'శక్తి'. మొదటి ఆల్బమే లైవ్. 1975 జులై 5న న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కాలేజీలో రికార్డు చేశారు, 1976లో విడుదలైంది. తర్వాత ఇంకో రెండు ఆల్బమ్‌లు చేసి, 1978కల్లా ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు.

ఇక్కడ రీయూనియన్ అనే మాట గురించి కొంచెం మాట్లాడాలి. మన ఊళ్లల్లో పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు చూస్తుంటాం కదా. ఫ్లెక్సీ, శాలువాలు, సార్లకి సన్మానం, గ్రూప్ ఫొటో, భోజనాలు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు ఒకటి మిగులుతుంది. బ్యాండ్ల రీయూనియన్లలో చాలావరకు ఇంతే, నిజం చెప్పాలంటే. పాత హిట్లు పాత క్రమంలోనే వాయిస్తారు, జనం కళ్లు తుడుచుకుంటారు, టికెట్లు అమ్ముడుపోతాయి. అలాగని అన్నీ అలాంటివే కాదు. 'యెస్' బ్యాండ్ పాత సభ్యులు 1996 మార్చిలో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో కలిసి మూడు రాత్రులు కచేరీ చేశారు. 'కీస్ టు అసెన్షన్' ఆల్బమ్ అక్కడిదే. పాత పాటలతో పాటు కొత్తగా రాసినవి కూడా పెట్టారు. కానీ వాయించే పద్ధతిలో మాత్రం గుర్తుకు తెచ్చుకోవడమే ఎక్కువ.

శక్తి వాళ్ల దారి వేరు. 1997లో బ్రిటన్‌లో మళ్లీ కలిశారు. మెక్‌లాఫ్లిన్, జాకిర్, వినాయకరామ్ వచ్చారు. శంకర్ లేడు. ఆయన చోట ఇంకో వయొలిన్ తెస్తే సరిపోయేది. తేలేదు. వేణువు తెచ్చారు, హరిప్రసాద్ చౌరాసియాని. ఆ కచేరీల ఆల్బమ్ 1999లో వచ్చింది. అందులో 'ముక్తి' అనే ఒక్క పీసు గంట పైనే ఉంటుంది. గంట! మనం నిమిషం వీడియోని కూడా ముందుకి తోసేస్తున్నాం. తర్వాత ఇంకా మార్చారు. వినాయకరామ్ స్థానంలో ఆయన కొడుకు సెల్వగణేశ్ కంజిరా పట్టుకుని వచ్చాడు. వేణువు స్థానంలో మాండొలిన్ వచ్చింది.

మాండొలిన్ దగ్గర కాసేపు ఆగుదాం, అసలు విషయం ఇక్కడే ఉంది. అది ఇటలీ వైపు పుట్టిన వాయిద్యం. చిన్నది, మెట్లున్నది. రెండేసి తీగల చొప్పున నాలుగు జతలు, మొత్తం ఎనిమిది. తీగని మీటితే 'టింగ్' అని వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి ఇది ఎందుకూ పనికిరాదనే అనిపిస్తుంది. ఎందుకంటే మన సంగీతంలో స్వరం ఒక చోట నిలబడదు, ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. అదే గమకం. గమకం పలకాలంటే తీగని పక్కకి లాగాలి, లాగుతున్నంతసేపూ శబ్దం బతికి ఉండాలి. జత తీగల్ని లాగడం కష్టం, ఆరిపోయే శబ్దాన్ని ఊపడం అసలు కుదరదు.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. ఇంట్లో నాన్నగారి మాండొలిన్ ఉండేది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. తమాషా ఏంటంటే గురువు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటని తీగ మీద వెతుక్కునేవాడు. శ్రీనివాస్ వాయిద్యం పాడినట్టు ఉంటుందని అందరూ అంటారు కదా, నా లెక్కలో దానికి కారణం ఇదే. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల గొంతునే పట్టుకున్నాడు. తర్వాత ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి మారి, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. శబ్దం నిలబడింది, గమకం పలికింది. తొమ్మిదేళ్లకి గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ, 1981లో మద్రాసులో కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. అప్పటికి పద్నాలుగేళ్లు. 1998లో పద్మశ్రీ.

మెక్‌లాఫ్లిన్ కూడా అటువైపు నుంచి ఇదే ఇబ్బంది పడ్డాడు. 70ల్లో శక్తి కోసం ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు. మెట్ల మధ్య చెక్కని లోపలికి దోనెలా చెక్కించాడు, వేలితో తీగని ఇంకా లాగడానికి. అడ్డంగా శృతి తీగలు కూడా పెట్టించాడు. ఆయన గిటార్‌ని వీణ దగ్గరికి తెచ్చాడు, శ్రీనివాస్ మాండొలిన్‌ని గొంతు దగ్గరికి తెచ్చాడు. ఈ ఇద్దరూ స్టేజి మీద కలిశారు. శక్తి మొదటి ఆల్బమ్ రికార్డు చేసిన రోజుకి శ్రీనివాస్ వయసు ఆరేళ్లు. 2000 డిసెంబర్‌లో బొంబాయి స్టేజి మీద ఆయనకి 31, మెక్‌లాఫ్లిన్‌కి 58.

మీరే పోల్చి చూసుకునేలా ఒక చిన్న పని చెప్తా. 'లోటస్ ఫీట్' అని ఒక పీసు ఉంది, నెమ్మదిగా నడుస్తుంది. మొదటి ఆల్బమ్‌లో వయొలిన్‌తో ఉంటుంది. 1999 ఆల్బమ్‌లో వేణువుతో ఉంటుంది. 2000లో వచ్చిన 'ది బిలీవర్' లైవ్ ఆల్బమ్‌లో మాండొలిన్‌తో ఉంటుంది. మూడూ వరసగా వినండి. పాత పాటని గుర్తు తెచ్చుకోవడానికీ, పాత పాట మళ్లీ పుట్టడానికీ తేడా చెవికే తెలుస్తుంది. వయొలిన్, వేణువు స్వరాన్ని ఎంతసేపైనా పట్టుకోగలవు. మీటే వాయిద్యానికి ఆ సుఖం లేదు. అందుకని మూడో దాంట్లో స్వరం ఆరిపోబోయే చోట శ్రీనివాస్ ఏం చేస్తున్నాడో చూడండి. నాకైతే మూడోదే ఎక్కువ ఇష్టం. మీకు మొదటిది నచ్చితే గొడవేం లేదు.

ఇప్పుడు బొంబాయి ఆల్బమ్. మొత్తం నాలుగే ట్రాకులు, గంటకి కాస్త అటూ ఇటూ. రెండోది 'శృంగార్', శివకుమార్ శర్మ సంతూర్‌తో, ఒక్కటే ఇరవై అయిదు నిమిషాలు దాటుతుంది. మొదటి పది నిమిషాల్లో తాళం కూడా రాలేదేంటి అనిపిస్తే తొందరపడకండి, అది ఆలాపన. ఆకలి పెంచి వడ్డించే పద్ధతి. మూడోదాని పేరు ఆల్బమ్ మీద 'గిరిరాజ్ సుధ' అని ఉంటుంది. అది త్యాగరాజ కృతి, బంగాళ రాగం. అసలు మాట 'గిరిరాజసుతా తనయ'. గిరిరాజు కూతురి కొడుకు, అంటే వినాయకుడు. ఇంగ్లీషు అక్షరాల్లో పడేసరికి కూతురు కాస్తా అమృతం అయిపోయింది! పాడింది మీ అందరికీ తెలిసిన శంకర్ మహదేవన్. తర్వాత ఆయన ఈ బ్యాండ్‌లోనే మనిషైపోయాడు.

ఇదే ఆల్బమ్‌లో ఎ.కె. పళనివేల్ వాయించిన తవిల్ ఉంది. మన భాషలో డోలు. ఒక చేతిలో పుల్ల, ఇంకో చేతి వేళ్లకి గట్టి తొడుగులు. ఇదీ మన వైపు వాటా మొదలయ్యే చోటు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ శబ్దం వినగానే పెళ్లి భోజనం గుర్తొస్తుంది, జనం మాటల్లో పడి అసలు వినరు. కానీ ఒంగోలు దగ్గర కరవది నుంచి షేక్ చినమౌలానా వచ్చారు. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. తర్వాత శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1999లో పోయారు. శ్రీనివాస్ చెన్నై వెళ్లాడు, ఆయన శ్రీరంగం వెళ్లారు. ఇద్దరినీ పెద్దవాళ్లుగా నిలబెట్టింది అరవదేశం. మనం పుట్టిన ఊరి పేరు చెప్పుకుని ఊరుకుంటున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో చనిపోయాడు, 45 ఏళ్లకే. శక్తి మళ్లీ కలిసింది, మెక్‌లాఫ్లిన్, జాకిర్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్. 2023లో 'దిస్ మొమెంట్' అని స్టూడియో ఆల్బమ్ చేశారు. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ వచ్చింది. అందులో ఒక ట్రాక్ పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. శ్రీని అంటే ఎవరో చెప్పక్కర్లేదు. అదే ఏడాది డిసెంబర్ 15న జాకిర్ హుస్సేన్ పోయారు. శివకుమార్ శర్మ 2022లోనే పోయారు. అంటే బొంబాయి శనివారం రాత్రి ఆ స్టేజి మీద ఉన్న ముగ్గురు పెద్దలు ఇప్పుడు లేరు. ఇంకెన్ని రీయూనియన్లు జరిగినా ఆ కూర్పు రాదు. ఆ రాత్రి ఎవరో మైకులు సరిగ్గా పెట్టి, టేపు తిప్పారు కాబట్టి మిగిలింది.

ఎలా వినాలంటే, ఫోన్ స్పీకర్‌లో వద్దు. అంత చిన్న స్పీకర్ కింది స్వరాలు పలకలేదు. తబలాలో ఎడమ చేతి గుమికి, ఘటం అడుగు శబ్దం మాయమైపోతాయి, పైన టకటక మాత్రం మిగులుతుంది. రెండొందల రూపాయల ఇయర్‌ఫోన్స్ అయినా నయం. షఫుల్ ఆపేయండి. కళ్లంలో మిరపకాయలు ఎండబోసి రాత్రి కాపలా పడుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి టైమ్ దొరకదు, గంట సేపు ఎవరూ పిలవరు.

ఇంకో మాట. మీ ఊళ్లో తిరునాళ్లకో పెళ్లికో పాత సన్నాయి మేళం వాళ్లు, చాన్నాళ్లు విడిపోయి మళ్లీ కలిసి వాయిస్తుంటే, ఫోన్ తీయండి. డోలుకి దగ్గరగా పెట్టకండి, శబ్దం పగిలిపోతుంది. పది పదిహేను అడుగుల దూరంలో, సన్నాయి వైపు, కుర్చీ మీదో అరుగు మీదో కదలకుండా పెట్టండి. ముందు వాళ్లని అడగండి, పెద్దవాళ్లు, అడిగితే సంతోషిస్తారు. మొదట్లోనే మీ గొంతుతో ఊరు, తేదీ, వాయించేవాళ్ల పేర్లు చెప్పి మొదలుపెట్టండి. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు, కీర్తన మధ్యలో లోన్ కావాలా సార్ అని ఫోన్ వస్తే అంతే సంగతులు.