నానోరైమో

నవంబరు నెల 30 రోజుల్లో 50,000 పదాల నవల చిత్తుప్రతి రాసే సవాలే నానోరైమో. ‘నేషనల్ నావెల్ రైటింగ్ మంత్’కు ఇది పొట్టి పేరు. 1999 జులైలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ చొరవతో 21 మందితో మొదలైంది. మరుసటి ఏడాది నవంబరుకు మారింది.

లెక్క ప్రకారం రోజుకు 1,667 పదాలు రాయాలి. మొదటి వారం ఉత్సాహంలో గడిచిపోతుంది. చాలామందికి అసలు కష్టం రెండో వారంలో ఎదురవుతుంది. కథ ఎటు నడపాలో తోచదు, రాసిందంతా పేలవంగా కనిపిస్తుంది, వెనక్కి వెళ్లి దిద్దాలనిపిస్తుంది. దిద్దడం మొదలుపెడితే కథ అక్కడే ఆగిపోతుంది. మొత్తంమీద ఏడు రోజులు రాయకపోతే మిగతా 23 రోజుల్లో రోజువారీ లెక్క దాదాపు 2,174 పదాలకు చేరుతుంది. అందుకే దిద్దుబాటును నెల తర్వాతికి వాయిదా వేయాలన్నది ఈ పద్ధతికి ప్రాణం. గడువులోగా ముగించలేకపోయినా రాసిన పేజీలు రచయిత చేతిలోనే ఉంటాయి, అది చిన్న లాభం కాదు. సారా గ్రుయెన్ నవల ‘వాటర్ ఫర్ ఎలిఫెంట్స్’ చిత్తుప్రతి ఈ సవాలులో రూపుదిద్దుకున్నదే. పుస్తకంగా 2006లో వెలువడింది.

ఆర్థిక ఇబ్బందుల కారణంగా మూతపడుతున్నట్లు నిర్వాహక సంస్థ 2025 మార్చి 31న ప్రకటించింది.