రాత్రి పాళీ, చేతిలో ఫోను, ఇంట్లో మౌనం

మొన్న రాత్రి పాళీ దిగి చాయ్ బండి దగ్గర నిలబడితే, మా ఖార్ఖానాలో సాంచాలు నడిపే పిల్లగాడొకడు నన్ను పక్కకు పిలిచిండు. పెళ్ళై ఏడు నెలలు. "అన్నా, నీకు చెప్పొచ్చో లేదో తెల్వదు. ఇంట్లో నాతోని అయితలేదు. ఫోనుల బూతు వీడియోలు చూస్తే మాత్రం అన్నీ మంచిగనే ఉంటయి. నా నరాలు పాడైనయా?" అన్నడు. అప్పటికే ఒక 'గుప్తరోగాల వైద్యుడి' చేతిలో రెండు నెలల పగారు పోసి వచ్చిండట. "చిన్నప్పటి తప్పుల వల్ల ధాతువు పోయింది" అని చెప్పి ఆయన పొడి పొట్లాలు కట్టి ఇచ్చిండట.

ఇది ఆ ఒక్కడి బాధ కాదు. మన పేటల్లో ఈ మాట మగవాళ్ళు తోటివాళ్ళకు చెప్పుకోరు, ఇంట్లో అసలే చెప్పరు. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం బీడీలు చుట్టుకుంటూ "నాలో ఏం లోపముందో" అని లోలోపల కుమిలిపోతుంటుంది. అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాం.

శరీరంలో జరిగేది ఇది

అంగం గట్టిపడడం మెదడుతో మొదలవుతుంది. మెదడు నుంచి నరాల ద్వారా కబురు పోతే రక్తనాళాలు వదులై అందులోకి రక్తం చేరుతుంది. భయం, కంగారు ఉంటే అవే నాళాలు బిగుసుకుపోతాయి. "ఈసారైనా అవుతుందా, కాదా" అని భయపడుతూ పక్క మీదికి పోయినవాడికి ఆ భయమే అడ్డం పడుతుంది.

వీర్యం పోతే నరాలు ఎండిపోతాయన్నది మాత్రం అబద్ధం. వీర్యం ఒంట్లో తయారవుతూనే ఉంటుంది. హస్తప్రయోగం వల్ల ఎవరూ నపుంసకులు కారు. ఈ భయం మన దేశంలో ఎంత పాతుకుపోయిందంటే, 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు.

మరి ఫోను చేసేదేమిటి?

ఫోనులో వేలు జరిపితే చాలు, క్షణానికో కొత్త మనిషి, కొత్త బొమ్మ. రోజూ గంటల తరబడి దానికే అలవాటు పడిన మెదడుకు, ఇంట్లో ఉన్న ఒక్క మనిషి దగ్గర ఆ వేగం దొరకదు. పైగా చేతితో గట్టిగా, వేగంగా చేసుకునే పద్ధతికి ఒళ్ళు అలవాటు పడితే భార్య దగ్గర అంత స్పర్శ చాలనట్టు అనిపించవచ్చు. ఇంకొకటి, ఆ వీడియోల్లో కనిపించేది నటన. ముక్కలు ముక్కలుగా తీసి అతికించినదాన్ని చూసి మనవాళ్ళు తమను తాము కొలుచుకుంటున్నారు. కొలత తప్పినట్టు అనిపిస్తే మళ్ళీ భయం.

పరిశోధకుల మాట ఇంకా ఒక్కటి కాలేదు. చూసిన ప్రతివాడికీ ఈ ఇబ్బంది వస్తుందని తేలలేదు. ఎంతసేపు చూస్తున్నాడన్న దానికంటే, మానాలనుకున్నా మానలేకపోతున్నాడా అన్నదే ముఖ్యమని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో, అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ఒక రుగ్మతగా చేర్చారు. ఆరు నెలలో అంతకుమించో అదుపు లేక, పని, ఇల్లు దెబ్బతింటుంటే దాన్ని రుగ్మతగా చూస్తారు. చూశానని సిగ్గో పాపభయమో కలిగినంత మాత్రాన అది రోగం కాదు.

అన్నింటికీ ఫోనే కారణం కాదు

ఒక చిన్న గుర్తు చూసుకోండి. తెల్లారి నిద్ర లేచేటప్పుడు గానీ, ఒంటరిగా ఉన్నప్పుడు గానీ అంగం మామూలుగానే గట్టిపడుతూ, భార్య దగ్గర మాత్రమే ఇబ్బంది అయితే, కారణం ఎక్కువగా మనసులోనో అలవాటులోనో ఉంటుంది. ఎప్పుడూ గట్టిపడకపోతే ఒంట్లో వెతకాలి. షుగరు, బీపీ, తంబాకు, గుట్కా, సారా, కొన్ని రకాల మందులు, నిద్రలేమి, వీటిలో ఏదైనా కావచ్చు. రాత్రి పాళీ చేసి పగలు మూడు నాలుగు గంటలే పడుకునే మనకు చివరిది బాగా తెలుసు. అంగానికి పోయే నాళాలు గుండె నాళాలకంటే సన్నం. అవి ముందు మూసుకుపోతాయి. అందుకే నలభై దాటినవాళ్ళకు ఇది గుండె జబ్బు ముందుగా పంపే కబురు కూడా కావచ్చు.

ఏం చేయాలి?

ముందు సర్కారు దవాఖానకు పోయి షుగరు, బీపీ చూపించుకోండి. ఇలాంటివి డాక్టర్లు రోజూ వింటారు, నవ్వరు.

కొన్ని వారాల పాటు ఆ వీడియోలు పక్కన పెట్టి చూడండి. పడుకునే చోట ఫోను పెట్టుకోవద్దు. గోడకు దూరంగా చార్జింగ్ పెట్టి వదిలేయండి. ఒకరోజు తప్పితే "నేను ఇంతే" అని వదిలేయకుండా మళ్ళీ మొదలుపెట్టండి.

పొట్లాల మందుల జోలికి పోవద్దు. 'ఆయుర్వేదం' అని అమ్మే కొన్ని పొడుల్లో సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందు చాటుగా కలిపినట్టు పరీక్షల్లో దొరికింది. గుండెనొప్పికి నాలుక కింద గోళి పెట్టుకునేవాళ్ళు దాన్ని మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఎంత ప్రయత్నించినా అలవాటు మానలేకపోతే 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

అన్నింటికంటే కష్టమైనది చివరిది: ఇంట్లో ఆమెతో మాట్లాడడం. ఒక్క మాట చాలు, "ఇందులో నీ తప్పేం లేదు, నేనే చూపించుకుంటున్న" అని. అక్కచెల్లెళ్ళకూ ఒక మాట. ఆయన ఆ మాట ఎత్తినప్పుడు ఎత్తిపొడవకండి. చెప్పడానికి ఆయనకు ఎన్ని రోజులు పట్టిందో ఆలోచించండి.

ఆ పిల్లగాడికి నేను చెప్పింది కూడా ఇదే. పొట్లాలు ఆ చాయ్ బండి పక్కనే మోరీలో పారేసిండు. మరుసటి సోమవారం దవాఖానలో చీటీ రాయించుకునేటప్పుడు పక్కన నేను నిలబడ్డ. ఇంటికి పోయి ఆమెకు చెప్పిండట. ఆమె చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత "నీకు నేను నచ్చలేదేమో అనుకున్న" అన్నదట.

ఏడు నెలలు ఇద్దరూ ఒక్క గదిలోనే ఉన్నారు. ఈ ఒక్క మాటే ఇద్దరి మధ్యకూ రాలేదు.