సాధన లేకుండా 5కే పరుగెత్తొచ్చా?

పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీదికి రాత్రి నుంచి పొద్దున దాకా వాహనాలను రానివ్వరు. అందుకే తెల్లవారుజామున గాంధీ విగ్రహం పరిసరాలు నడిచేవాళ్లతో, పరుగెత్తేవాళ్లతో సందడిగా ఉంటాయి. అది చూసి ఉత్సాహం వచ్చి, ఏ సాధనా లేకుండా 5కే పరుగుకు పేరిచ్చేస్తే?

రోజూ అరగంట చురుగ్గా నడిచే ఆరోగ్యవంతులు చాలావరకు పూర్తి చేయగలరు. ఇబ్బందల్లా వేగంతోనే. గుంపు ఊపులో మొదటి కిలోమీటరులోనే దూసుకుపోతే ఆయాసం ముంచుకొస్తుంది. పైగా ఇది సముద్రతీరం. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారిపోతుందే తప్ప ఆరదు. వేడిని బయటికి పంపడానికి చర్మానికి ఎక్కువ రక్తం చేరాలి కాబట్టి, అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. హైదరాబాద్ పొడి గాలిలో తేలిగ్గా అనిపించిన వేగం ఇక్కడ భారమవుతుంది.

పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా మొదలుపెట్టండి. అలసట వచ్చేదాకా ఆగకుండా, మొదటి నుంచే కాసేపు పరుగు, ఒక నిమిషం నడక. అలవాటైన బూట్లే వేసుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, తికమక కనిపిస్తే వెంటనే ఆగి సాయం అడగాలి. గుండె జబ్బు, మధుమేహం ఉన్నవాళ్లు ముందే డాక్టరును సంప్రదించాలి. జ్వరం ఉంటే అసలు వెళ్లొద్దు.

5కే పూర్తయిందని మరుసటి వారమే 10కేకు దిగకండి. ఊపిరి తొందరగానే అలవాటుపడుతుంది. ఎముకలకు, కండరాలను వాటితో కలిపే స్నాయువులకు మాత్రం వారాలు, నెలలు పడుతుంది.