విహార నౌకా? వినోద పార్కా?

నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఉదయగిరి, ఆత్మకూరు పరిసరాల నుంచి జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి సెలవుపై ఇంటికి వస్తారు. ఆ కొద్ది వారాల్లో సగం బంధువుల పెళ్ళిళ్ళకు, పరామర్శలకు సరిపోతుంది. ఇంటి మరమ్మతులు, బ్యాంకు పనులు, తల్లిదండ్రుల వైద్యం మరికొన్ని రోజులను తీసుకుంటాయి. చివరకు భార్యాబిడ్డల కోసం మిగిలేవి మూడు నాలుగు రోజులు. ఇక్కడే ఉండి వ్యాపారమో ఉద్యోగమో చేసుకునే కుటుంబాల పరిస్థితి కూడా ఇంతకంటే పెద్ద భిన్నంగా లేదు. పిల్లలకు వేసవి సెలవులుంటాయి, తండ్రికి ఉండవు. తల్లికైతే ఏడాది పొడుగునా సెలవన్నదే ఉండదు.

ఆ మూడు నాలుగు రోజులను ఎక్కడ గడపాలన్న చర్చలో మునుపు నెల్లూరు, మైపాడు సముద్ర తీరం వంటి పేర్లు వినిపించేవి. ఇప్పుడు రెండు కొత్త కోరికలు ముందుకు వస్తున్నాయి. పిల్లలు థీమ్ పార్కు అంటున్నారు. పెద్దలలో కొందరు విహార నౌక, అనగా క్రూయిజ్, అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మేలన్నది తేలికైన ప్రశ్నలా కనిపించినా, ఒక కుటుంబపు కూడబెట్టిన సొమ్ము, అంతకంటే అరుదైన కాలం దీనితో ముడిపడి ఉన్నాయి. కనుక ఈ విషయాన్ని పాఠకుల ముందు కాస్త వివరంగా ఉంచదలచాము.

ఈ ఆకర్షణలు ఎలా వచ్చాయి?

థీమ్ పార్కు అనే భావన 1955 జూలైలో అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ ప్రారంభంతో ప్రపంచమంతటికీ పరిచయమైంది. హైదరాబాదు సమీపాన రామోజీ ఫిల్మ్ సిటీ 1996లోనూ, రావిర్యాల వద్ద వండర్‌లా 2016లోనూ వచ్చాయి. నెల్లూరు వారికి దగ్గరైన చెన్నై పరిసరాల్లో వి.జి.పి. యూనివర్సల్ కింగ్‌డమ్ వంటి పార్కులు ఎంతో కాలంగా ఉన్నాయి. ఎమిరేట్స్‌లో పనిచేసే తండ్రులు అబుధాబిలోని ఫెరారీ వరల్డ్ చిత్రాలను ఇంటికి పంపుతుంటారు. అటువంటిది మన దగ్గర ఎక్కడున్నదని పిల్లలు అడగడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక ఓడ విషయం. మన ముందు తరాలకు ఓడ అనగానే గుర్తుకు వచ్చేది హజ్ యాత్ర. బొంబాయి రేవులో ఓడ ఎక్కి రోజుల తరబడి సముద్రంపై ప్రయాణించి జిద్దా చేరేవారు. 1995తో భారతదేశం నుంచి ఆ ఓడల హజ్ యాత్ర ముగిసింది. ఆరాధనకు సాధనమైన ఓడ ఒక తరం గడిచేసరికి విహారానికి సాధనమై మన తీరానికి తిరిగి వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ నౌక చెన్నై, విశాఖపట్నంలను కలుపుతూ ప్రయాణించింది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు కూడా విహార యాత్ర మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో విశాఖపట్నం రేవులో ప్రత్యేక క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అయితే ఈ నౌకలు ఏడాదంతా మన తీరంలో ఉండవు. ఋతువును బట్టి తూర్పు, పడమర తీరాల మధ్య మారుతుంటాయి. మన సెలవు రోజుల్లో ఓడ ఉన్నదో లేదో తెలుసుకున్న తర్వాతే మిగిలిన ఆలోచన.

వినోదానికి ధర్మంలో చోటున్నదా?

వినోదం కోసం ప్రయాణం చేయడం దుబారా కాదా అని మనలో కొందరు సంకోచిస్తారు. దైవప్రవక్త (స) జీవితం ఈ సందేహానికి సమాధానమిస్తుంది. ఒక ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసిన సంగతి అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. మస్జిదులో హబషీల ఈటెల ఆటను ఆమె తనివితీరా చూసేవరకు ఆయన ఓపికగా నిలబడిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో కనిపిస్తుంది. హజ్రత్ సల్మాన్ (ర) తన సోదరుని వంటి హజ్రత్ అబూదర్దా (ర) ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య అలంకరణను వదిలివేసి నిరాసక్తంగా ఉండటం గమనించారు. ఆరాధనలోనే మునిగిపోయిన అబూదర్దాకు, ప్రభువు హక్కుతోపాటు శరీరపు హక్కు, ఇల్లాలి హక్కు కూడా ఉన్నాయని గుర్తుచేశారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు.

ఈ మూడు ఉదంతాల్లోనూ ఒక విషయం గమనార్హం. మూడింటిలోనూ ఇంటి స్త్రీ సంతోషం ప్రస్తావనకు వస్తున్నది. మన విహార యాత్రల ప్రణాళికల్లో చాలాసార్లు మరుగున పడేది సరిగ్గా ఇదే. పిల్లల కోరిక వింటాము. తండ్రి వీలు చూస్తాము. దాదీ మోకాళ్ళ నొప్పిని కూడా తలచుకుంటాము. కాని తల్లి ఏమి కోరుతున్నదో అడిగేవారు తక్కువ. కనుక ఓడనూ పార్కునూ తూచేటప్పుడు, ఈ యాత్రలో ఇల్లాలికి విశ్రాంతి దొరుకుతుందా అన్న ప్రశ్నను ముందు ఉంచుదాము.

పార్కు: ఒక రోజు ఉత్సాహం

దూరంతో ప్రారంభిద్దాము. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి 60 కిలోమీటర్ల లోపే. నెల్లూరు నుంచి చెన్నై మరో 175 కిలోమీటర్లు. ఉదయగిరి కుటుంబం తెల్లవారుజామున బయలుదేరి, పార్కు చూసి, అదే రాత్రి ఇల్లు చేరాలంటే రోజులో అధికభాగం రోడ్డుపైనే గడుస్తుంది. ముందురోజే చెన్నై చేరి ఒక రాత్రి బస చేయడం ఉత్తమం. ఆ బస ఖర్చును మొదటి నుంచే లెక్కలో చేర్చుకోవాలి.

పార్కులో గొప్ప మేలేమిటంటే, పెట్టుబడి ఒక రోజుకే పరిమితం. నచ్చకపోతే బయటకు రావచ్చు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇంతటి ఆనందం మరొక చోట దొరకడం కష్టం. కాని పార్కు కుటుంబాన్ని ఎత్తును బట్టి, వయసును బట్టి విడదీస్తుంది. అనేక పార్కుల్లో పిల్లల టిక్కెట్టు నిర్ణయమయ్యేది ఎత్తును బట్టే. పెద్ద రైడ్లకు నిర్ణీత ఎత్తు లేని పిల్లలను అనుమతించరు. గర్భిణులను, హృద్రోగులను వాటిపైకి రానివ్వరు. పెద్దబ్బాయి ఒక వరుసలో, చిన్నపాప మరొక వరుసలో, దాదీ నీడనున్న బెంచీపై, తల్లి అందరి సంచులకూ కాపలాగా ఉండటం అక్కడ సాధారణ దృశ్యం. రెండు మూడు నిమిషాల రైడ్ కోసం ఎండలో చాలాసేపు నిలబడవలసి రావచ్చు.

వస్త్రధారణ మరొక సమస్య. నీటి ఆటలకు నైలాన్ వంటి ప్రత్యేక వస్త్రాలు ఉండాలని, నూలు దుస్తులు, చీరలు, వదులైన దుస్తులు పనికిరావని పార్కులు నియమం పెడతాయి. వేగంగా తిరిగే యంత్రాల్లో చిక్కుకునే ప్రమాదం ఉన్నందున దుపట్టాలను, వేలాడే వస్త్రాలను అనుమతించరు. ఇది భద్రత కోసం పెట్టిన నియమం. దీన్ని అవమానంగా భావించరాదు. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు, బిగుతుగా కట్టిన తలవస్త్రం అనుమతిస్తారా, స్త్రీలకు వేరుగా కొలను ఉన్నదా అని ముందుగానే ఫోనులో అడగాలి. ద్వారం వద్ద తెలుసుకుంటే, డబ్బు చెల్లించి ఆటలకు దూరంగా కూర్చోవలసినది మన స్త్రీలే.

ఓడ: కలిసి ఉండే కాలం

ఓడలో రెండు లేక మూడు రాత్రుల గది, భోజనం, సముద్ర దర్శనం ఒకే ధరలో కలిసి ఉంటాయి. వంట లేదు, గిన్నెలు లేవు. డ్రైవింగు లేదు. తీరం దాటిన తర్వాత ఫోను సిగ్నలు కూడా ఉండదు. నెలల తరబడి వీడియో కాల్‌లో మాత్రమే తండ్రిని చూసిన పిల్లలకు, ఫోను చేతిలో లేని తండ్రి దొరకడం చిన్న విషయం కాదు. నడవలేని పెద్దలకు లిఫ్టులు, వరుసలో నిలబడనక్కరలేని భోజనశాల, డెక్కుపై చల్లని గాలి ఉంటాయి. ఇల్లాలి విశ్రాంతి ఒక్కటే కొలబద్ద అయితే ఓడదే పైచేయి.

మరొక పక్క కూడా చూడాలి. ఇటువంటి ఓడల్లో మద్యశాలలు, జూదశాల, రాత్రివేళ నృత్య సంగీత కార్యక్రమాలు ఉంటాయి. వాటికి దూరంగా ఉండటం మన చేతిలోనే ఉన్నా, ఒకే నౌకలో కౌమార వయస్కులైన పిల్లలను వెంటబెట్టుకుని ఉంటాము. పార్కులోవలె మధ్యలో దిగిపోవడం సాధ్యం కాదు. ఆ సాయంకాలాలను కుటుంబం ఎలా గడుపుతుందో ముందే మాట్లాడుకున్నవారికే ఓడ సరిపోతుంది. సముద్రపు కుదుపు పడనివారికి తలతిరుగుడు, వాంతులు కలుగవచ్చు. నౌక మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది తీసుకుంటే కుదుపు తక్కువ. అనేక సంస్థలు నెలలు నిండుతున్న గర్భిణులను, కొన్ని నెలల పసికందులను ఎక్కించుకోవు.

ధర విషయంలో జాగ్రత్త అవసరం. ప్రకటనలో కనిపించేది తరచుగా ఇద్దరు పంచుకునే కిటికీలేని గదిలో ఒక మనిషికి అయ్యే ధర. పన్నులు, రేవు రుసుము, సేవా రుసుము తర్వాత చేరతాయి. ఆరుగురున్న కుటుంబానికి రెండు గదులు కావాలి. చివరి మొత్తాన్ని కాగితంపై వ్రాయించుకున్న తర్వాతే బయానా చెల్లించాలి.

నమాజు, భోజనం

ఉదయగిరి నుంచి గాని, ఆత్మకూరు నుంచి గాని చెన్నై ప్రయాణం, హనఫీ పండితులు సాధారణంగా చెప్పే సుమారు 78 కిలోమీటర్ల హద్దును దాటుతుంది. కనుక స్వల్పకాల ప్రయాణికులు జుహర్, అసర్, ఇషా నమాజుల్లో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. ఫజర్, మగ్రిబ్ యథాతథం. స్థానిక ఇమాం వెనుక నిలబడితే పూర్తిగా చేయాలి. పార్కుకు వెళ్ళేవారు సమీప మస్జిదు ఎక్కడున్నదో, లోపల నమాజుకు చోటు ఇస్తారో లేదో ముందుగా కనుక్కోవాలి. ఓడలో గదే నమాజుకు చోటు. నిలబడగలిగితే నిలబడి, కుదుపు వల్ల సాధ్యం కాకపోతే కూర్చుని చేయవచ్చు. ఇనుప గోడల మధ్య ఫోను దిక్సూచి తప్పు చూపవచ్చు. నౌక వెళ్ళే దిక్కును సిబ్బందిని అడగాలి. మన తూర్పు సముద్రం నుంచి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది.

భోజనంలో మాంసం హలాలా కాదా అన్నది రెండు చోట్లా అడిగి తెలుసుకోవలసినదే. సంతృప్తికరమైన సమాధానం రాకపోతే శాకాహారం ఉండనే ఉన్నది. రెండు రోజుల శాకాహారం ఎవరికీ నష్టం కలిగించదు.

ముందు ఏ ఖర్చు?

ఇప్పుడు విహార యాత్రలను కూడా నెలసరి వాయిదాలపై అమ్ముతున్నారు. వడ్డీతో కూడిన వాయిదాల విషయంలో మన ధర్మం స్పష్టంగా ఉన్నది. విశ్రాంతి కోసం వెళ్ళి ఏడాదిపాటు అప్పు తీర్చడం విశ్రాంతి కాదు. మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఈ కొన్నేళ్ళుగా బక్రీద్ వేసవి సెలవుల కాలంలోనే వస్తున్నది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. ఖుర్బానీ బాధ్యత ఉన్నవారు ఆ సొమ్మును పక్కన పెట్టిన తర్వాతే టిక్కెట్ల లెక్క వేయాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కి కుటుంబానికి ఆసరా అవుతున్న మన అక్కచెల్లెళ్ళకు ఒక్కొక్క రూపాయి వెనుక ఎంత శ్రమ ఉన్నదో బాగా తెలుసు. అటువంటి ఇంట్లో యాత్ర నిర్ణయం ఆమెను అడగకుండా జరగడం అన్యాయం.

చేతిలో సొమ్ము లేనప్పుడు విహారమే మానుకోనక్కరలేదు. ఆత్మకూరుకు సమీపంలోనే పెన్నా నదిపై సుమారు 78 టి.ఎం.సి.ల సామర్థ్యంగల సోమశిల జలాశయం ఉన్నది. ఉదయగిరి వారికి ఎదురుగానే మూడువేల అడుగులకు మించిన కొండ, దానిపై 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం, తదనంతరం గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో నిలిచిన మస్జిదుల శిథిలాలు ఉన్నాయి. చల్లని నెలల్లో, ఉదయాన, నీళ్ళు వెంట తీసుకుని వెళ్తే పిల్లలకు అదొక చరిత్ర పాఠం. కట్టిన భోజనాన్ని ఆ రోజు తండ్రీకొడుకులు సిద్ధం చేస్తే తల్లికి అదే సెలవు.

మా సూచన

పదేళ్ళలోపు పిల్లలే అధికంగా ఉన్న ఇంటికి, చెన్నైలో ఒక రాత్రి బసతో ఒక రోజు పార్కు, మరునాడు సముద్రతీరం చాలు. సంచుల కాపలా పనిని గంటకొకరు చొప్పున పంచుకోవాలి. పిల్లలు ఎదిగి, వృద్ధులైన తల్లిదండ్రులు వెంట ఉండి, అప్పు చేయకుండా సొమ్ము సమకూడి, సాయంకాలాల విషయంలో అందరికీ ఒక అవగాహన ఉన్నట్లయితే ఓడ మేలైనది. ఈ షరతుల్లో ఒక్కటి లోపించినా, ముఖ్యంగా సొమ్ము అప్పుదైతే, ఈ ఏటికి సోమశిల చాలు.

విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపుతో నడుపుకుంటారని దివ్య ఖుర్‌ఆన్ షూరా సూరాలో తెలుపుతున్నది. ఆ మష్వరా మన ఇంటి భోజనాల చాప వద్దనే ప్రారంభం కావచ్చు. ఒక రాత్రి అందరూ కూర్చుని, ప్రతి ఒక్కరూ తమ కోరికను, తమ భయాన్ని చెప్పుకోవాలి. మొదటి మాట ఇల్లాలిది కావాలి. ఆమె ఓడ అన్నా, పార్కు అన్నా, ఆ రెండూ వద్దు, నాలుగు రోజులు నన్ను పుట్టింట్లో వదిలిపెట్టండి అన్నా, ఆ కోరికకు తగిన విలువనిచ్చిన కుటుంబమే సెలవును సద్వినియోగం చేసుకున్నట్లు.