ఓరుగల్లును విడిపించిన వీరుడు – ముసునూరి కాపయ నాయకుడు

చీరాలకు దక్షిణముగా సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. ఒకప్పుడది దేశదేశముల ఓడలు దిగిన మహారేవు. అచ్చట రెండు శాసనములు ప్రసిద్ధములు. మొదటిది 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు సముద్రవర్తకుల కొసగిన అభయశాసనము. రెండవది 1358లో అనపోతారెడ్డి వేయించినది. ఆనాడు ఓరుగల్లును తెలుగు ప్రభువే యేలుచుండెను. కాని గణపతిదేవుని ఏలుబడిలోని యీ రేవు ఆతని చేతిలో లేదు. ఓరుగల్లును విడిపించిన వీరునికి ఈ తీరమేల దక్కలేదు?

1323లో ఓరుగల్లు ఢిల్లీసేనల వశమయ్యెను. బందీయైన ప్రతాపరుద్రుడు మార్గమధ్యమున నర్మదాతీరమున మరణించెను. ఆ తరువాతి దుర్దశను విలస తామ్రశాసనము చదివినవారు మరువలేరు. దానిని వేయించిన ముసునూరి ప్రోలయ నాయకుడు గోదావరీ తీరమున రేకపల్లిని నెలవు చేసికొని, చెదరిన నాయకులను కూడగట్టెను. ఆతని పిమ్మట నాయకత్వము పినతండ్రి కుమారుడైన కాపయకు సంక్రమించెను.

1336 ప్రాంతమున కాపయ ఓరుగల్లును ముట్టడించెను. హొయసల బల్లాలుడు ఆతనికి తోడ్పడెనని ఫెరిష్తా వ్రాసెను. కోటనేలుచున్న మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయెను. ఈ మక్బూల్ పూర్వాశ్రమమున కాకతీయుల సేవలోనున్న గన్నమ నాయకుడేయని చరిత్రకారుల అభిప్రాయము. గెలిచినవాడును ఓడినవాడును ఒక్క దేశమువారే! కాపయ 'ఆంధ్రసురత్రాణ' బిరుదము వహించెను. డెబ్బదియైదుగురు నాయకులు ఆతనిని కొలిచిరని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము చెప్పుచున్నది.

కాని ఆ కొలువు భయము కట్టిన కట్టు. శత్రువు తొలగినంతనే ముడి సడలెను. ఎవరి సీమ వారిదయ్యెను. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి స్వతంత్రుడై మోటుపల్లిని వశపరచుకొనెను. ఆతని కుమారుడే ఆ 1358 నాటి శాసనకర్త. కాపయ వీరిని అణచలేదు, అణచజాలడు. వారి ఇష్టమే ఆతని బలము గదా!

దూరపు జపానులోను సరిగా ఈ కాలముననే ఇట్టి కథ నడచెను. 1333లో గో-దైగో చక్రవర్తి పక్షమున నిలిచి కమకుర ప్రభుత్వమును కూలద్రోసిన వారిలో కుసునొకి మసషిగె, అషికగ తకఉజి యను సేనానులుండిరి. మూడేండ్లు తిరుగకముందే తకఉజి చక్రవర్తిపై తిరుగబడెను. 1336లో మినతొగవ యుద్ధమున ఆతని సేనలచేతనే మసషిగె ఓడి ఆత్మహత్య చేసికొనెను.

కాపయ చేసిన పెద్ద పొరపాటు పడమటి దిక్కున జరిగెను. తుగ్లకుపై తిరుగబడిన దక్కను అమీరులకు ఆతడు సాయపడెను. ఢిల్లీ బలము తగ్గుటయే తనకు మేలని యెంచెను కాబోలు. 1347లో బహమనీ రాజ్యము వెలసెను. సాయము పొందిన అల్లావుద్దీన్ బహమన్ షాయే మూడేండ్లకు దండెత్తివచ్చి కౌలాసు దుర్గమును పుచ్చుకొనెను. దానిని తిరిగి గొనుటకై జరిగిన పోరులు మరింత నష్టమునే తెచ్చినవి. కుమారుడు వినాయకదేవుడు శత్రువులకు చిక్కి క్రూరముగ చంపబడెను. 1364 ప్రాంతమున గోలకొండయు పోయెను. ముహమ్మద్ తుగ్లకు కొరకై చేయించిన ఫిరోజా సింహాసనమును సైతము కాపయ గుల్బర్గాకు పంపవలసివచ్చెనని ఫెరిష్తా కథనము. పుత్రహంతకునికి సింహాసనమును కానుకగా పంపిన తండ్రి మనస్సును ఏ శాసనమును చెప్పదు.

ఇంత నలిగిన ఓరుగల్లుపై ఇరుగుపొరుగు నాయకుల కన్ను పడెను. రేచెర్ల వెలమప్రభువు అనపోతానాయకుడు సేనలతో వచ్చెను. 1368 ప్రాంతమున భీమవరము కడ జరిగిన యుద్ధములో కాపయ నేలకొరగెను. ఓరుగల్లు వెలమప్రభువుల వశమయ్యెను. కాపయచే ఓడి పారిపోయిన మక్బూల్ అప్పటికి ఢిల్లీలో ఫిరోజ్ తుగ్లకు మహామంత్రి, ఖాన్-ఇ-జహాన్. ఆతడును ఇంచుమించు ఆ కాలముననే మరణించెను. ఆతని అష్టకోణపు గోరీ నేటికిని ఢిల్లీలో నిజాముద్దీన్ ప్రాంతమున నిలిచియున్నది.