ఉచితంగా ఇచ్చిన కోడ్: అపోహలు – వాస్తవాలు

బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో విద్యార్థి ప్రాజెక్టు చేసినా, హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ యాప్ తయారుచేసినా, కోడ్ అంతా సొంతంగా ఎవరూ రాయరు. ఫైళ్లను కుదించడానికి ఒకటి, పాస్‌వర్డ్‌ను భద్రంగా పంపడానికి ఒకటి, తెలుగు ఒత్తులను తెరమీద సరిగ్గా కూర్చడానికి ఒకటి, ఇలా ఎక్కడెక్కడివాళ్లో రాసి అందరికీ వదిలేసిన లైబ్రరీలను తెచ్చుకుని పని పూర్తిచేసుకుంటారు. వీటిలో చాలా భాగం ఓపెన్ సోర్స్. ఆ కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచొచ్చు. రోజంతా వాటిమీదే ఆధారపడుతున్నా, వాటి బాగోగులు చూసే మెయింటెయినర్ల గురించి మనలో నాటుకుపోయిన అభిప్రాయాలు చాలావరకు తప్పు. ఆ తప్పు అభిప్రాయాల వల్ల వాళ్లతోపాటు మనమూ నష్టపోతున్నాం.

అపోహ: ఒకసారి రాసి పెడితే చాలు, తర్వాత చేయాల్సిన పనేముంటుంది?

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. ఉదాహరణకు, అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ ఇంకా స్థిరపడని రోజుల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వార్త తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి కనిపించేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునే దీనికి విరుగుడుగా ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం ‘పద్మ’ అనే పొడిగింత (ఎక్స్‌టెన్షన్) రాశారు. ఏ ఫాంటులో ఏ గుర్తు ఏ తెలుగు అక్షరానికి సమానమో చెప్పే పట్టికల సాయంతో అది పేజీని యూనికోడ్‌లోకి మార్చేది. పత్రిక ఫాంటు మారిస్తే పట్టికా మారాలి. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింతలకు పూర్తిగా తలుపు మూసింది. ఆ పద్ధతిలో రాసినవి, వాటిలో తప్పేమీ లేకపోయినా, తిరగరాస్తే తప్ప పనిచేయని స్థితి వచ్చింది. బొగ్గుబాయి ఎరిగిన బెల్లంపల్లి వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బాయి పైకప్పుకు ఆసరాగా టింబర్‌మన్ నిలబెట్టిన దుంగలు తవ్విన బొగ్గు టన్నుల లెక్కలోకి రావు. కానీ పైకప్పు కదిలినప్పుడల్లా వాటిని సరిచూడకపోతే కింద ఎవరూ పని చేయలేరు.

అపోహ: ఇంతమంది వాడుతున్నారంటే ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉంటారు.

వాస్తవం: వాడేవాళ్లు పెరిగినంత మాత్రాన చూసుకునేవాళ్లు పెరగరు. బ్యాంకుల నుంచి ఈమెయిల్ దాకా ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పెద్ద భాగానికి తాళంలా పనిచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. అప్పటికి అది రెండేళ్లుగా ఎవరి కంటా పడకుండా అందులోనే ఉంది. ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని, దానిమీద పూర్తికాలం పనిచేసేది ఒకే ఒక్కరని అప్పుడుగానీ లోకానికి తెలియలేదు. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు లైనక్స్ ఫౌండేషన్ ద్వారా నిధులు ఇవ్వడానికి ముందుకొచ్చాయి. కోడ్ అందరి ముందూ ఉంది కదా, తప్పులు వాటంతటవే దొరుకుతాయి కదా అని కొందరంటారు. తలుపు తెరిచి ఉండటం మంచిదే. ఆ లోపాన్ని పట్టుకున్నది కూడా ప్రాజెక్టుకు బయటివాళ్లే. అయితే లోపలికి వచ్చి ఓపిగ్గా చూడటానికి ఎవరో ఒకరు సమయం పెట్టాలి, ఆ సమయానికి ఎవరో ఒకరు ఖర్చు భరించాలి.

అపోహ: గట్టిగా నిలదీస్తే తప్ప మెయింటెయినర్లు కదలరు.

వాస్తవం: నిలదీయడం వల్ల భద్రతకే ముప్పు వచ్చిన సందర్భం మన కళ్లముందే ఉంది. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ను లాసే కాలిన్ జీతం లేకుండా ఏళ్ల తరబడి నిర్వహించారు. 2022లో, పని నెమ్మదిగా సాగుతోందని, పగ్గాలు ఇంకొకరికి అప్పగించమని కొన్ని పేర్లతో ఆయనపై ఒత్తిడి తెచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని సరదా పని మాత్రమేనని ఆయన చెప్పుకున్నారు. చివరికి జియా టాన్ అనే పేరుతో సాయానికి వచ్చిన వ్యక్తికి అధికారం దక్కింది. ఆ పేరుతోనే 2024లో ఆ లైబ్రరీలోకి దొంగదారి (బ్యాక్‌డోర్) చేరింది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి మార్చి నెలాఖరులో అది బయటపడింది. అలిసిపోయిన మనిషిని అదిలిస్తే పని వేగం పెరగదు. కాపలా సడలుతుంది.

అపోహ: డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే ఈ తిప్పలు ఉండవు.

వాస్తవం: 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూలదోసింది మన తెలుగు అక్షరమే. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం వరుసగా వచ్చిన సందేశాన్ని తెరిస్తే యాప్ మూతపడేది. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. జీతమిచ్చి ఇంజినీర్లను పెట్టుకున్న సంస్థ కాబట్టి త్వరగా చేయగలిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ కోడ్ మూసి ఉంది గనుక, తెలుగు ఎంత తెలిసినవాళ్లయినా ఎదురుచూడటం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్స్. అక్కడ ఒత్తు తప్పితే మనమే కోడ్ తెరిచి చూడొచ్చు, సవరణ పంపొచ్చు. సిలికానాంధ్ర విడుదల చేసిన మల్లన్న, సూరన్న, గిడుగు వంటి ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఎవరైనా మెరుగుపరచవచ్చు. డబ్బు ఇస్తే ఇంకొకరి సమయం దొరుకుతుంది. ఓపెన్ సోర్స్‌లో సరిచేసుకునే హక్కు దొరుకుతుంది. డబ్బూ ఇవ్వక, ఆ హక్కూ వాడుకోక సేవ మాత్రం కావాలనడం న్యాయం కాదు.

అపోహ: అలాగైతే మెయింటెయినర్లకు ఏ బాధ్యతా లేదన్నమాట.

వాస్తవం: చట్టం దృష్టిలో దాదాపు లేనట్టే. ఎంఐటీ, జీపీఎల్ వంటి లైసెన్సులు ఏ హామీ లేకుండా ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నామని స్పష్టంగా చెబుతాయి. నైతికంగా మాత్రం బాధ్యత ఉంది. 2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 వరుసల కోడ్‌ను దాని రచయిత ఉన్నపళంగా తీసేస్తే, దానిమీద ఆధారపడిన వేల ప్రాజెక్టులు ఆగిపోయాయి. తీసేసే హక్కు ఆయనకు ఉంది. ముందే చెప్పి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. కాబట్టి మెయింటెయినర్ నుంచి ఆశించదగినవి కొన్ని ఉన్నాయి: పాతదాన్ని చెడగొట్టే మార్పు వస్తే వెర్షన్ సంఖ్యలోనే అది తెలియాలి, భద్రతా లోపాలు చెప్పుకోవడానికి దారి ఉండాలి, చేయలేని పనిని చేయలేనని చెప్పాలి, మానుకుంటే మానుకున్నానని ప్రకటించాలి. మాట ఇచ్చినంత వరకే నిలదీసే హక్కు మనది.

ఇక వాడుకునేవాళ్ల వంతు. ‘తెలుగు సరిగ్గా రావట్లేదు’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘స్త్రీ’ అనే మాటలో త ఒత్తు ఎక్కడ పడింది, ఏ ఫాంటు, ఏ వెర్షన్, ఏ ఫోను, ఎలా ఉండాల్సింది ఎలా వచ్చింది, దానికో స్క్రీన్‌షాట్: ఇంత ఉంటే తెలుగు ముక్క రాని మెయింటెయినర్ కూడా లోపాన్ని పట్టుకోగలడు. ఇందుకు పెద్ద నగరం అక్కర్లేదు, పెద్ద ఉద్యోగం అక్కర్లేదు. తెలుగు చక్కగా చదవగలిగితే చాలు, ఆ అర్హత బెల్లంపల్లిలో ప్రతి విద్యార్థికీ ఉంది. ఆ లైబ్రరీల మీద లాభాలు గడించే కంపెనీలు డబ్బు ఇవ్వాలి, మనం ఆధారాలు ఇవ్వాలి. ఆశించే హక్కు అప్పుడే మనకు వస్తుంది.