నడకలో అవధానం

ఆ ఏడు అమ్మ తెనాలి నుంచి మా ఇంటికి వచ్చింది. సాయంత్రాలు ఇద్దరం బెడోక్ రిజర్వాయరు గట్టు మీద నడిచేవాళ్ళం. రెండో రోజే ఒక సంగతి గమనించాను. ఊళ్ళో ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరిందో చెప్పాల్సి వస్తే అమ్మ ఆగిపోతుంది. చెప్పడం అయ్యాక మళ్ళీ అడుగు వేస్తుంది. "నడుస్తూ చెప్పకూడదామ్మా?" అన్నాను. "మాట మీద మనసు పెడితే కాలు తడబడుతుందిరా" అంది. నవ్వి ఊరుకున్నాను.

పది రోజుల తరువాత మా బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో అమ్మ పడిపోయింది. అదృష్టం బాగుండి మణికట్టు బెణకడంతో సరిపోయింది. పడినప్పుడు అమ్మ ఫోనులో మాట్లాడుతూ నడుస్తోంది. ఫోను చేసింది నేనే, ఆఫీసు నుంచి.

నా ఉద్యోగం సెల్‌ఫోను సంకేతాలతో. రొదలోంచి మాటని ఏరడం మా పని. అందుకని, నడిచే మనిషి మెదడులో ఏం జరుగుతుందో ఎవరైనా కొలిచారా అని వెతకడం మొదలుపెట్టాను. కొలిచారు. కానీ అది అనుకున్నంత తేలిక కాదు.

ఎమ్మారై యంత్రంలో మనిషి కదలకుండా పడుకోవాలి, కనుక అది నడకకి పనికిరాదు. మిగిలింది ఈఈజీ. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తుని నమోదు చేసి, 1929లో ప్రచురించాడు. తల మీద ఎలక్ట్రోడులు అంటించి, వాటి మధ్య వోల్టేజి చూడడమే పద్ధతి. ఆ వోల్టేజి మహా అయితే కొన్ని పదుల మైక్రోవోల్టులు. టార్చిలైటు బ్యాటరీ 1.5 వోల్టులు కదా, అందులో పదిహేను లక్షలవ వంతు ఒక మైక్రోవోల్టు. కనురెప్ప వేసినా, పళ్ళు బిగించినా అంతకంటే పెద్ద విద్యుత్తు పుడుతుంది. ఇక నడిస్తే చెప్పాలా? మెడ కండరాలు బిగుస్తాయి, వైర్లు ఊగుతాయి, ప్రతి అడుగుకీ ఎలక్ట్రోడు చర్మం మీద కాస్త జరుగుతుంది. అందుకే చాలా ఏళ్ళపాటు ఈఈజీ తీసేవాళ్ళు "కదలకండి" అనే చెప్పేవారు.

దారి చూపించింది గణితం. పెళ్ళి మండపంలో నాలుగు మూలలా నాలుగు మైకులు పెట్టారనుకోండి. ప్రతి మైకులోనూ సన్నాయి, డోలు, పురోహితుడి మంత్రం, వంటవాళ్ళ కేకలు కలిసే వినిపిస్తాయి. అయితే ఒక్కో మైకులో ఒక్కో పాళ్ళలో. ఆ పాళ్ళ తేడాని పట్టుకుని సన్నాయిని సన్నాయిగా, డోలుని డోలుగా విడదీయవచ్చు. ఈ విద్యకి ఇండిపెండెంట్ కాంపొనెంట్ ఎనాలిసిస్ అని పేరు. తల మీద ఎలక్ట్రోడులే మన మైకులు. 2010లో అమెరికాలో గ్విన్, గ్రామన్, మకైగ్, ఫెర్రిస్ అనే పరిశోధకులు 248 ఎలక్ట్రోడులు పెట్టి, ట్రెడ్‌మిల్లు మీద మనుషుల్ని నడిపించి, పరిగెత్తించి, ఈ పద్ధతితో రొదని వేరుచేశారు. నడకలో పని బాగానే సాగింది. పరుగులో మాత్రం ప్రతి అడుగుకీ వచ్చే రొదకి ముందు ఒక అచ్చు తయారుచేసి దాన్ని తీసివేయాల్సి వచ్చింది.

అంతటితో అయిపోలేదు. డోలు సరిగ్గా సన్నాయి తాళానికే మోగితే విడదీయడం కష్టం. అడుగు రొద కూడా అంతే, అడుగుతోపాటే లేస్తుంది, అడుగుతోపాటే పడుతుంది. మనం మెదడు అనుకుంటున్నది కాలి అదురేమో! ఈ అనుమానం తీర్చుకోవడానికి ఫెర్రిస్ బృందమే చేసిన ఒక ప్రయోగం నాకు భలే నచ్చింది. విద్యుత్తుని పోనివ్వని సిలికోన్ ఈతటోపీ తలకి తొడిగి, దాని మీద ఒక కృత్రిమ చర్మం పెట్టి, ఆ పైన ఎలక్ట్రోడులు అమర్చి నడిపించారు. మెదడు సంకేతం రావడానికి వీల్లేదు కనుక, వచ్చినదంతా రొదే. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఎలక్ట్రోడుని బట్టి, వేగాన్ని బట్టి రొద మారుతుందనీ, దాన్ని ఒక్క సూత్రంతో తుడిచేయడం కుదరదనీ తేలింది. 2018లో వాళ్ళే జంట ఎలక్ట్రోడుల పద్ధతి తెచ్చారు. ఒకటి తలని వింటుంది, దానికి వీపు ఆనించిన రెండోది కదలిక రొదనే వింటుంది. తీసివేత తరువాత మెదడు మిగులుతుంది.

ఇంకో మార్గం వెలుతురుది. నుదుటి మీంచి పరారుణ కాంతి లోపలికి పంపి, తిరిగొచ్చిన వెలుగుని బట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత మారిందో చూస్తారు. ఇది ఈఈజీ కంటే నెమ్మది, కానీ కుదుపులకి అంతగా బెదరదు. 2001లోనే జపానులో దీనితో నడకని పరిశీలించారు.

మన సింగపూరూ వెనకబడలేదు. ఇక్కడి నేషనల్ యూనివర్సిటీలో నితీష్ థాకోర్‌తో కలిసి పనిచేసిన పరిశోధకులు, ఒక కాలికి ఎక్సోస్కెలిటన్ తొడిగించి, నడిచేవారి మెదడు తరంగాలని కొలిచి 2018లో ప్రచురించారు. పక్షవాతం వచ్చినవారిని మళ్ళీ నడిపించాలంటే ఇలాంటి కొలతలు అక్కరకొస్తాయి.

ఇక అమ్మ సంగతి. 1997లో స్వీడనులో వృద్ధుల వసతి గృహాలలో 58 మందితో నడుస్తూ మాట కలిపారు. 12 మంది మాట్లాడడానికి ఆగిపోయారు. ఆ 12 మందిలో 10 మంది తరువాతి ఆరు నెలల్లో పడిపోయారు! ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2011లో న్యూయార్కులో వెలుతురు పద్ధతితో చూస్తే, ఊరికే నడిచినప్పటికంటే నడుస్తూ మాట్లాడినప్పుడు నుదుటి వెనక భాగం ఎక్కువ పనిచేసింది. అయితే ఆ పెరుగుదల కుర్రవాళ్ళలో కంటే పెద్దవాళ్ళలో తక్కువ. నడక తనంతట తాను సాగిపోతుందనుకుంటాం. వయసు మీదపడ్డాక నడకే ఒక అవధానం, పైన మన మాట మరో పృచ్ఛకుడు. అష్టావధాని కూర్చునే చేస్తాడు. మన అమ్మానాన్నలని నడుస్తూ చేయమంటున్నాం.

ఇంట్లో చేసే ఇలాంటి పరీక్ష వైద్యం కాదు. పెద్దవాళ్ళు మాటకి ఆగుతున్నారంటే భయపడనక్కరలేదు, డాక్టరుకి ఒక మాట చెబితే చాలు. మేం చెప్పాం. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు అమ్మ రోజూ చేస్తోంది. నిజానికి ఆగడం అమ్మ తెలివి. తన మెదడు చెప్పింది తను విన్నది, నేనే వినలేదు.

ఇప్పుడు అమ్మ తెనాలిలో ఉంది. ఫోను ఎత్తగానే "భోంచేశావా" అని అడగడం మన అలవాటు కదా. నేను దానికి ముందు ఇంకోటి చేర్చాను: "అమ్మా, కూర్చున్నావా?"